బంక బుట్టల లెక్క

గిరిజన సహకార సంస్థ ఇంకా పుట్టని రోజుల నాటి కథ. ఆత్మకూరుకు ఎగువన, నల్లమలలో ఒక చెంచు గూడెం. గూడెం నుంచి కొండ మీదికి ఒకటే కాలిబాట. ఆ బాట పొడుగునా వరుసగా తపసి చెట్లు. మొదటి చెట్టు గూడేనికి దగ్గరే. ఒక్కో చెట్టు నుంచి బుట్టెడు బంక వచ్చేది.

ఎండాకాలం ఒక పొద్దున ఆత్మకూరు షావుకారు బండి కట్టుకుని గూడెం దాకా వచ్చాడు. బంక ఏరే కుర్రవాడు మొదటి చెట్టుకు పోయి, ఒక్క గడియలో బుట్ట నింపుకుని తిరిగొచ్చాడు. షావుకారుకు ముచ్చటేసింది.

"ఇంకో పదిహేను గడియలు ఈడనే ఉంటా. ఎన్ని బుట్టలిస్తావు అబ్బీ?"

"గడియకొకటి. ఇంకో పదిహేను."

షావుకారు బయానా చేతిలో పెట్టాడు. పక్కనే తాడు పేనుకుంటున్న తాత తలెత్తి బాట వైపు చూశాడు, ఏమీ అనలేదు.

రెండో చెట్టుకు పోయి రావడానికి మూడు గడియలు పట్టింది. మూడోదానికి ఐదు, నాలుగోదానికి ఏడు. కుర్రవాడు పరుగెత్తాడే గానీ ఎక్కడా కూర్చోలేదు. అయినా బండి కదిలే వేళకు ఉన్నవి నాలుగే బుట్టలు. మిగతా పన్నెండూ వచ్చే పున్నమికి బాకీ.

ఆ బాకీ తీర్చడానికి వాడు గొడ్డలి పట్టాడు. దగ్గరున్న నాలుగు చెట్లకూ చేవ కనబడేదాకా గంట్లు పెట్టాడు. బంక ధారలు కట్టింది, బాకీ తీరింది. మరుసటి ఎండాకాలానికి ఆ నాలుగు చెట్లూ నిలువునా ఎండిపోయాయి.

తాత మనవణ్ని కొట్టలేదు, తిట్టలేదు. గుడిసె వాసాలు విప్పి మోపు కట్టాడు.

"చెట్టు మన కాడికి రాదు నాయనా. మనమే దాని కాడికి పోవాల."

ఆ ఏడు ఒక చెట్టు బంక ఏరడం అయ్యేసరికి మకాం తరువాతి చెట్టు పక్కకు జరిగేది. షావుకారు మకాం దగ్గరికే వచ్చి కొనుక్కునేవాడు. సీజను చివరిదాకా రాబడి ఒకే తీరుగా నడిచింది.

నీతి: తొలి గడియ రాబడి చూసి రోజంతటికీ మాట ఇవ్వకు. నిదానంగా ఇచ్చేదాన్ని చీల్చి తీసుకోకు. నిలకడ కావాలంటే దూరం పెరగనివ్వకు.

ఈ కథలోని లెక్క రోజుకొక్కసారి వేసుకునే కొన్ని షుగరు, బీపీ మాత్రల లోపల దాదాపు అలాగే జరుగుతుంది. మందును బంకలాంటి పదార్థంతో కలిపి అదిమి ఆ మాత్రలు చేస్తారు. కడుపులో నీరు తగలగానే పైపొర ఉబ్బి జిగురవుతుంది. పైనున్న మందు ముందుగా బయటపడుతుంది. లోపలి మందు ఆ జిగురును దాటి రావాలి, ఖాళీ అయిన పొర గంటగంటకూ మందమవుతుంది. అమెరికాలో టకేరు హిగుచి 1961లో లేపనాల్లోని మందు గురించి ఆలోచిస్తూ దీన్ని సమీకరణంగా రాశారు. రెండేళ్లకు దాన్ని గట్టి మాత్రలకూ విస్తరించారు. విడుదలైన మందు కాలానికి కాదు, కాలపు వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. మొదటి గంటలో ఒక వంతు వస్తే రెండు వంతులకు నాలుగు గంటలు, మూడింటికి తొమ్మిది, నాలుగింటికి పదహారు. కుర్రవాడి కాళ్లకు తెలిసింది ఇదే.

మరి తాత మకాం? అదీ ఉంది, అదీ తపసి బంకలోనే ఉంది. మండే, కాక్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ బంకతో మాత్రలు చేసి 2000లో ఫలితాలు ప్రకటించారు. దీని పైపొర ఉబ్బడం తక్కువ, అరిగిపోవడం ఎక్కువ. లోపల మందు తరిగే కొద్దీ పైఅంచు కూడా లోపలికి జరుగుతుంది కాబట్టి మందు నడవాల్సిన దూరం అంతగా పెరగదు. విడుదల దాదాపు ఒకే వేగంతో సాగుతుంది. నల్లమల చెట్టు కార్చిన జిగురుకు ఇంత నేర్పు ఉందంటే నాకు ఎంత చదివినా ఆశ్చర్యం తీరదు.

విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఫార్మసీ విభాగానికి చెందిన వై.ఎస్.ఆర్. కృష్ణయ్య బృందం మరో దారి పట్టింది. నీళ్లలో ఇట్టే కరిగిపోయే మెటోప్రొలాల్ టార్ట్రేట్‌ను గోరుచిక్కుడు గింజల బంకలో కలిపి, ఆ మాత్రకు పైనా కిందా అదే బంకతో రెండు పొరలు అదిమారు. ఆరంభంలో మందు ఎగదన్నకుండా ఆ పొరలు కాపలా కాస్తాయి. ఆ పని 2002లో అచ్చయింది.

ఒక మాత్ర ఏ తీరున నడుస్తోందో తేల్చడానికి 1983లో కోర్స్‌మేయర్, పెప్పాస్ బృందం ఇచ్చిన సూత్రం వాడతారు. కాలం మీది ఘాతాంకం 0.45 దగ్గరుంటే స్తూపాకారపు మాత్రలో మందు కేవలం వ్యాపనంతో వస్తోందని, 0.89 దగ్గరుంటే బంక సడలడమే వేగాన్ని నిర్ణయిస్తోందని అర్థం. ఆ సూత్రాన్ని మొదటి 60 శాతం విడుదల వరకే నమ్మాలి.

గొడ్డలి సంగతి మాత్రం ప్రయోగశాలది కాదు, మన ఇళ్లది. ముసలివాళ్లు మింగలేకపోతున్నారని చెంచాతో మాత్ర నూరి నీళ్లలో కలిపి పట్టే ఇళ్లు ఎన్నో. ప్రేమతోనే చేస్తారు, అందుకే మరీ బాధ. పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఆర్, ఈఆర్, సీఆర్ అని ఉన్న మాత్రను నూరితే రోజంతా రావలసిన మందు ఒక్కసారిగా రక్తంలోకి వస్తుంది. నిదానంగా విడుదలయ్యే నిఫెడిపిన్ లాంటిదైతే బీపీ ప్రమాదకరంగా పడిపోవచ్చు. నడుమ గీత ఉన్న కొన్నింటిని కంపెనీ చెప్పినట్టు సగానికి విరవవచ్చు గానీ నమలకూడదు. కొన్ని రకాల్లో ఖాళీ పెంకు మలంలో అలాగే కనబడుతుంది, మందు పనిచేయలేదని ఇంకొకటి వేసుకోనక్కర్లేదు. మింగడం కష్టమైతే డాక్టరుకు చెప్పండి. మామూలు మాత్రగానో సిరప్‌గానో మార్చి రాస్తారు, అప్పుడు రోజుకు రెండు మూడు సార్లు వేయవలసి రావచ్చు.