వాటం లేని కాలు

పాతబస్తీ, హైదరాబాద్



తనకు బాగా వచ్చిన పనినే పదిమందిలో చేసి చూపాలన్న ఉత్సాహం యౌవనానికి సహజమే అయినా, రాని పనిని ఓపికగా సాధించుకోవడంలోనే మనిషి ఎదుగుదల ఉందని సయ్యద్ అబ్దుల్ రహీమ్ జీవితం తెలియజేస్తుంది. 1909లో హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, బడిపంతులుగా పనిచేస్తూ ఫుట్‌బాల్ ఆడిన ఆయన, తరువాత హైదరాబాద్ నగర పోలీసు జట్టుకూ భారత జట్టుకూ కోచ్, అనగా ఆట నేర్పి జట్టును నడిపించే గురువు, అయ్యారు. ఆయన శిక్షణలో పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు బొంబాయి రోవర్స్ కప్ ఫుట్‌బాల్ పోటీని గెలిచింది.

రహీమ్ సాబ్ బోధన పంతులుతనం నుంచే పుట్టింది. కుడి వాటం కుర్రవాడు ఎడమ కాలితోనే బంతిని తన్నవలసిన పోటీలను ఆయన నిర్వహించారు. డ్రిబ్లింగ్, అంటే బంతిని కాలికి అంటించుకొని ఒంటరిగా ప్రత్యర్థులను తప్పించుకుపోవడం, నిషిద్ధమైన పోటీలనూ జరిపారు. మొదటి పద్ధతి బలహీనతను దాచుకోనివ్వదు. రెండవది తోటివాడికి బంతి అందించే గుణాన్ని అలవరుస్తుంది. ఆటగాళ్లకు లేనిది నైపుణ్యం ఒక్కటే కాదని కూడా ఆయనకు తెలుసు కనుకనే, అమ్ముగూడలో పుట్టిన పేద కుర్రవాడు తులసీదాస్ బలరామ్ సాధనకు రాలేకపోతే సైకిల్ అద్దెకు డబ్బిచ్చి రప్పించుకున్నారు.

ఆటగాడు గురువైనప్పుడు అతని విద్య ఎంత దూరం పోతుందో ఇంగ్లండ్‌కు చెందిన జిమ్మీ హోగన్ చరిత్రలోనూ కనిపిస్తుంది. ఆయన ఆస్ట్రియా, హంగరీలకు వెళ్లి నేర్పిన ఆట అక్కడ వేళ్లూనుకోగా, 1953లో వెంబ్లీ మైదానంలో హంగరీ ఇంగ్లండ్‌నే 6–3తో ఓడించింది. హోగన్ విద్య పరదేశంలో ఫలించగా, రహీమ్ విద్య సొంత ఊరి కుర్రవాళ్లను పరదేశపు మైదానాలకు చేర్చింది.

ఆ దారిలో పరాభవాలూ ఉన్నాయి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో, పలువురు ఆటగాళ్లు బూట్లు లేకుండానే ఆడిన భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడింది. నాలుగేళ్లకు మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడిన జట్టే, ఫైనల్‌లో అదే కొరియాను 2–1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. తలకు కుట్లు పడిన రక్షణ ఆటగాడు జర్నైల్ సింగ్‌ను రహీమ్ ముందువరుసలో ఆడించగా, ఆ రెండు గోల్స్‌లో ఒకటి అతనిదే అయింది. వాటం కాని చోట నిలబడి ఆడగలగడమంటే అదే. ఆ తరువాత ఏడాది తిరగకుండానే, 1963 జూన్ 11న, రహీమ్ సాబ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు.

కనుక నాయనా, ఏ విద్యలో నీ అడుగు తడబడుతుందో దాని దగ్గరకే రోజూ మొదట వెళ్లాలి. ఓటమి ఎదురైతే అది ఏ లోపాన్ని చూపిందో గుర్తించి దిద్దుకోవాలి. నేర్చుకున్నది నిలకడ చెందిన నాడు, రావాలని ఉండీ రాలేకపోతున్న మరొక కుర్రవాడికి సైకిల్ అద్దె ఇచ్చి పిలిపించుకోవాలి.

శుభాశీస్సులతో,
ఇంటి పెద్ద