బొగ్గుబండికి కర్మసాక్షి ఎవరు?

సూర్యుణ్ణి కర్మసాక్షి అనడం తెలుగునాట వాడుక. మనుషులు చేసే పనులన్నింటినీ చూసేవాడు, చూసినందుకు ప్రతిఫలం కోరనివాడు, ఎవరి పక్షమూ వహించనివాడు అని ఆ మాటకు అర్థం. బొగ్గు ఊరైన బెల్లంపల్లిలో ఈ మాటకు చాలాకాలం ఒక మినహాయింపు ఉండేది. 1920ల చివర ఇక్కడ బొగ్గు తవ్వకం మొదలైన నాటి నుంచి, భూగర్భ గనుల్లో తరతరాల కార్మికులు తమ షిఫ్టు మొత్తాన్ని ఆ కర్మసాక్షి చూపు చేరని చోటనే గడిపారు. దిగేముందు గని మైసమ్మకు మొక్కుకొని, నెత్తిమీది లైటు వెలుగులో ఒకరికొకరు సాక్షులై పనిచేశారు. ఓపెన్‌కాస్ట్ పద్ధతి, అంటే బొగ్గు పొర మీదున్న మట్టినీ రాతినీ పూర్తిగా తొలగించి ఆకాశం కిందనే బొగ్గు తీసే పద్ధతి, ఇక్కడి గనులను నడిపే సింగరేణి సంస్థలో 1975లో రామగుండం ప్రాంతంలో మొదలై, క్రమంగా బెల్లంపల్లి ఏరియాలోని ఖైరిగూడ వంటి గనుల దాకా విస్తరించి, పనిని తిరిగి వెలుగులోకి తెచ్చింది. ఆ వెలుగుతోపాటు మరొక చూపు కూడా వచ్చింది. డంపర్ క్యాబిన్‌లోనో, టిప్పర్ డ్యాష్‌బోర్డు వెనుకనో బిగించిన చిన్న జీపీఎస్ పెట్టె, బండి ఎక్కడున్నదీ, ఎంత వేగంతో పోతున్నదీ, ఎంతసేపు ఆగినదీ క్షణక్షణమూ యజమానికి చేరవేస్తున్నది. ఖర్చు తగ్గించుకోవడానికి ఇది గొప్ప సాధనమని వ్యాపార లోకం ఒప్పుకున్నది. అయితే ఆ పెట్టె చెప్పేదాన్ని సాక్ష్యమని అనవచ్చునా, ఒక మనిషి కదలికను ఇంకొక మనిషి నిరంతరం లెక్కగట్టడం ఏ మేరకు ధర్మం అనే ప్రశ్నలు అంతగా చర్చకు రాలేదు.

ముందుగా ఆ చూపు ఎవరిదో తేల్చుకోవాలి. జీపీఎస్ అమెరికా ప్రభుత్వం నెలకొల్పి 1995 నాటికి పూర్తిస్థాయిలో పనిచేయించిన ఉపగ్రహ వ్యవస్థ. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఈ ఉపగ్రహాలు తామున్న చోటునూ, తమ గడియారంలోని సమయాన్నీ సంకేతాలుగా నిరంతరం కిందికి పంపుతుంటాయి. బండిలోని పెట్టె కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలను అందుకొని, అవి చేరడానికి పట్టిన కాలంలోని తేడాలను బట్టి తానెక్కడున్నదో తానే లెక్కకట్టుకుంటుంది. అంటే ఉపగ్రహం బండిని చూడదు, ఆ బండి ఉన్నదన్న సంగతే దానికి తెలియదు. లెక్కతేలిన చోటును పెట్టెలోని సిమ్‌కార్డు ఫోన్ టవర్ల ద్వారా కంపెనీ కంప్యూటరుకు పంపినప్పుడు మాత్రమే ‘నిఘా’ అనదగినది మొదలవుతుంది. ఈ తేడా చిన్నది కాదు. వెలుగును అందరికీ సమానంగా ఇచ్చి ఎవరి ఖాతానూ రాసుకోని సూర్యుడితో పోల్చదగినది ఉపగ్రహమే. ఖాతా రాసుకునేది నేలమీది మనిషి, ఆ ఖాతా వల్ల లాభం పొందేదీ అతడే. వేదాంతం సాక్షి అని పిలిచేది ఫలంతో సంబంధం లేని చైతన్యాన్ని. ముండకోపనిషత్తు చెప్పిన రెండు పక్షుల ఉపమానంలో పండు తినే పక్షి వేరు, తినకుండా చూస్తూ కూర్చున్న పక్షి వేరు. యజమాని చూస్తూ తినే పక్షి. అది తప్పు కాదు, కానీ అతడు తనను సాక్షి అని చెప్పుకోవడానికి వీలులేదు.

ఆ లాభం ఎలా వస్తుందో కూడా వివరంగా చూడటం న్యాయం, ఎందుకంటే అది ఊరికే వచ్చేది కాదు. ఓపెన్‌కాస్ట్‌లో షావెల్, అంటే మట్టినో బొగ్గునో తవ్వి నింపే భారీ యంత్రం, 60 టన్నుల, 100 టన్నుల డంపర్లను ఒకదాని తరువాత ఒకటిగా నింపుతుంది. ఒక షావెల్ దగ్గర నాలుగు డంపర్లు ఇంజిన్లు ఆపకుండా వరుసలో నిలబడి ఉండగా, అదే సమయంలో మరొక షావెల్ డంపర్ రాక ఖాళీగా బకెట్ దించుకొని ఉండటం నైట్ షిఫ్టులో తరచు కనిపించే దృశ్యం. పనిచేసిన బండికీ పనిచేయని బండికీ డీజిల్ ఒకే ట్యాంకు నుంచి పోతుంది. ప్రతి బండి ఉన్న చోటు తెలిస్తే, దాన్ని ఖాళీగా ఉన్న షావెల్ వైపు మళ్ళించడం సాధ్యమవుతుంది. పెద్ద గనుల్లో వాడే ట్రక్ డిస్పాచ్ వ్యవస్థ సారం ఇదే. గని బయట రైల్వే సైడింగుకో విద్యుత్ కేంద్రానికో బొగ్గు చేర్చే టిప్పర్ల విషయంలో జియోఫెన్స్ అనే ఏర్పాటు ఉంది, అంటే పటం మీద గీసిన హద్దు. బండి ఆ హద్దు దాటితే, లేదా నిర్ణీత దారి వదిలితే, వెంటనే హెచ్చరిక వస్తుంది కనుక దారిలో బొగ్గు దించేసే దొంగతనానికి అడ్డుకట్ట పడుతుంది. అతివేగం తగ్గితే టైర్లు, బ్రేకులు ఎక్కువ కాలం వస్తాయి. ఉదాహరణకు 20 టిప్పర్లున్న ఒక కాంట్రాక్టరు బండ్లు రోజుకు రెండేసి గంటలు ఇంజిన్ ఆపకుండా ఊరికే నిలబడుతున్నాయనీ, గంటకు రెండున్నర లీటర్ల డీజిల్ కాలుతున్నదనీ అనుకుంటే, రోజుకు 100 లీటర్లు ఏ పనీ చేయకుండానే పొగై పోతున్నట్లు లెక్క.

ఈ వృథాను అరికట్టడం కేవలం వ్యాపార తెలివి అనుకుంటే విషయాన్ని తక్కువ చేసినట్లవుతుంది. యోగశాస్త్రం చెప్పిన అయిదు యమాలలో అస్తేయం ఒకటి. తనది కానిదాన్ని తీసుకోకపోవడం అని దాని అర్థం. సింగరేణిలో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్నప్పుడు, ఆ నేలలోని బొగ్గు అంతిమంగా ప్రజలది; మళ్ళీ పుట్టని ఆ ఇంధనాన్ని మోసే బండి ఊరికే కాల్చే డీజిల్ కూడా మళ్ళీ పుట్టనిదే. కనుక ట్యాంకు నుంచి డీజిల్ తీసి అమ్ముకోవడం ఎంత స్తేయమో, చూసీ పట్టించుకోకుండా వృథాను సాగనివ్వడం కూడా దానికి దగ్గరి బంధువే. జీపీఎస్ పెట్టడం తనంతట తాను కార్మికుడికి అవమానమనే వాదాన్ని ఈ కారణంగా అంగీకరించలేము.

అయితే అస్తేయం ఒక్క డ్రైవరుకు మాత్రమే వర్తించే నియమం కాదు. ట్రిప్పుకు ఇంత అని కూలి కుదిరిన చోట, బొగ్గు తూచే కాంటా దగ్గర మూడు గంటలు వరుసలో నిలబడిన డ్రైవరుకు ఆ మూడు గంటలకు దక్కేది ఏమీ ఉండదు. ఆ మూడు గంటలూ జీపీఎస్ రికార్డులో నిమిషాలతో సహా ఉంటాయి. ఆ రికార్డు తెరచి ‘ఇంజిన్ ఎందుకు ఆపలేదు’ అని అడిగే యజమాని, అదే వరుసలో కనిపించే ‘ఇతడి కాలం ఎవరు తిన్నారు’ అనే ప్రశ్నను దాటవేస్తే, ఆ చదువు సగం చదువు. డీజిల్ పోయిన లెక్క తేలి మనిషి కాలం పోయిన లెక్క తేలకపోవడం యంత్రం లోపం కాదు, చదివేవాడి ఎంపిక.

రికార్డును ఎలా చదవాలన్నదే అసలు చిక్కు, అందులో న్యాయశాస్త్రం నేర్పేది చాలా ఉంది. తర్కసంగ్రహ కర్త అన్నంభట్టు తెలుగువాడని సంప్రదాయం చెబుతుంది. ఆయన పాఠంలో అనుమానం అంటే సందేహం కాదు, కనిపించిన గుర్తును బట్టి కనిపించనిదాన్ని నిర్ధారించే ప్రమాణం; కొండమీద పొగను చూసి నిప్పు ఉందని తెలుసుకోవడం దాని ప్రసిద్ధ ఉదాహరణ. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందనడం నిలుస్తుంది గాని, నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందనడం నిలవదు, ఎర్రగా కాలిన ఇనుప ముద్దలో నిప్పు ఉన్నా పొగ ఉండదు. నిప్పుకు పచ్చి కట్టె తోడైనప్పుడే పొగ వస్తుంది, ఆ పచ్చి కట్టె వంటి షరతునే ఉపాధి అంటారు. దొంగతనం జరగాలంటే బండి ఎక్కడో ఆగవలసి రావచ్చు, కానీ ఆగిన ప్రతి బండీ దొంగతనానికి ఆగినది కాదు. టైరు పంచరై ఉండవచ్చు, రైల్వే గేటు పడి ఉండవచ్చు, తెల్లవారుజామున రెప్పలు వాలుతుండగా ప్రమాదం చేయకూడదని డ్రైవరు వేపచెట్టు కింద పది నిమిషాలు కళ్ళు మూసుకొని ఉండవచ్చు. కంప్యూటరు తెరమీద ఈ మూడింటికీ, దొంగతనానికీ కలిపి ఒకటే ఎర్ర చుక్క. చుక్క నిజం, చుక్కకు చెప్పుకున్న కారణం ఊహ.

ఇటువంటి ఊహ ఎక్కడికి దారితీస్తుందో మహాభారతం ఆదిపర్వంలోని మాండవ్యుడి కథ అతి కఠినంగా చూపుతుంది. మౌనవ్రతంలో ఉన్న ఆ ముని ఆశ్రమంలోకి దొంగలు పారిపోయి వచ్చి, రాజుగారి సొత్తును అక్కడే దాచి, తామూ దాగారు. వెంటపడి వచ్చిన భటులు దొంగలు ఎటు పోయారని అడిగితే ముని పలకలేదు. వెతికితే దొంగలూ సొత్తూ అక్కడే దొరికాయి. సొత్తు ఉన్న చోటు నిజం, ఆ చోటు మునిదన్నది నిజం, అడిగితే పలకలేదన్నదీ నిజం. మూడు నిజాలు కలిపి కట్టిన అబద్ధం మీద రాజు అతణ్ణి శూలానికి ఎక్కించాడు. తప్పు తెలుసుకొని రాజు కాళ్ళమీద పడినా శూలం పూర్తిగా ఊడిరాలేదు, కోయగా మిగిలిన మొన శరీరంలోనే ఉండిపోయి అతడు అణిమాండవ్యుడు అయ్యాడు.

కథ అక్కడితో ఆగి ఉంటే అది తొందరపాటు తీర్పు మీద హెచ్చరిక మాత్రమే అయ్యేది. మాండవ్యుడు యమధర్మరాజు దగ్గరికే వెళ్ళి తనకు ఈ శిక్ష ఎందుకు పడిందని అడుగుతాడు. చిన్నతనంలో పురుగులను పుల్లతో గుచ్చినందుకని యముడు బదులిస్తాడు. అంత చిన్న తప్పుకు, అదీ తెలియని వయసులో చేసినదానికి, ఇంత శిక్షా అని ముని నిలదీసి, పద్నాలుగేళ్ళ వయసు దాకా చేసిన పనులు పాపం లెక్కలోకి రాకూడదని హద్దు పెట్టి, ధర్మదేవతనే భూమిమీద పుట్టమని శపిస్తాడు. ఆ పుట్టుకే విదురుడు. సమస్త కర్మలకూ ఖాతా ఉందని నమ్మిన సంప్రదాయమే ఆ ఖాతాకు కాలపరిమితి ఉండాలనీ, శిక్ష తప్పుకు తగినంతే ఉండాలనీ, లెక్క చూసేవాడు తానూ లెక్కకు లోబడినవాడేననీ చెప్పడం గమనించదగినది. నిరంతర రికార్డు చేతికొచ్చిన ఈ రోజుల్లో ఈ మూడు మాటలంత అవసరమైనవి మరేవీ కనిపించవు. నెలల నాటి నిలుపుదలను తవ్వి తీసి, జీతం పెంచమని అడిగిన రోజున డ్రైవరు ముందు పెట్టడం మాండవ్యుడు శపించిన పనే.

చట్టం ఈ విషయంలో యజమానికి చోటిచ్చింది. వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చినప్పటికీ, 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం ఉద్యోగ అవసరాల కోసం, యజమానిని నష్టం నుంచి కాపాడటం కోసం, సమాచారాన్ని వాడుకోవడాన్ని న్యాయసమ్మతమైన ఉపయోగాల్లో చేర్చింది. చట్టం వదిలిన చోటును నింపవలసింది మనస్సాక్షి. సాక్షి అనే మాటను తెలుగు భాష మనసుకే అంటగట్టి దాచుకోవడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. పెట్టె ఉందన్న భయంతో నిజాయితీగా ఉన్న డ్రైవరు, దాని తీగ ఊడిన రోజున ఏం చేస్తాడో చెప్పలేము. తన మాట విన్న యజమాని దగ్గర పనిచేసే డ్రైవరు తీగ ఊడిందని తానే వచ్చి చెబుతాడు.

మనుషుల జాడను లెక్కపెట్టడం బొగ్గు ఊళ్ళకు కొత్త కాదన్నది ఇక్కడ తలచుకోవాలి. ఉపగ్రహ సంకేతం నేలలోపలికి చొరబడలేదు కనుక, భూగర్భ గనిలో జీపీఎస్ పనిచేయదు. అయినా అక్కడ ఎవరున్నారన్న లెక్క మొదటి నుంచీ ఉంది. ఏ క్షణాన అడిగినా లోపల ఎవరెవరున్నారో చెప్పగల రిజిస్టరు గనిలో ఉండి తీరాలని 1952 నాటి గనుల చట్టం నిర్దేశించింది. ల్యాంప్ రూంలో ప్రతి క్యాప్ ల్యాంపుకూ ఒక నంబరు ఉంటుంది, షిఫ్టు ముగిసిన తరువాత కూడా అరలో ఒక చోటు ఖాళీగా ఉంటే ఒక మనిషి ఇంకా పైకి రాలేదని అర్థం. అప్పుడు వెతుకులాట మొదలయ్యేది అతణ్ణి పట్టుకోవడానికి కాదు, తీసుకురావడానికి.

బెల్లంపల్లి చుట్టుపక్కల బండ్లకు జీపీఎస్ బిగిస్తున్న యజమానులు ఆ రిజిస్టరు రాసిన చేతుల వారసులు. తెరమీద ఎర్ర చుక్క కనిపించినప్పుడు వారు ముందుగా డ్రైవరుకు ఫోన్ చేసి క్షేమమేనా అని అడగాలి. కూలిలో కోత పెట్టేముందు ఆ రికార్డును అతడికి చూపించి, అతడు చెప్పిన కారణాన్ని అదే వరుసలో రాయించాలి. కాంటా దగ్గర అతడు నిలబడిన గంటలకు కూడా అదే రికార్డును చూసి డబ్బు కట్టాలి.