అమ్మ కావాలా, నాన్న కావాలా

"తల్లిదండ్రులు విడిపోతే పిల్లలు దెబ్బతిని తీరతారు మాస్టారూ," అన్నారు ప్లీడరుగారు. ఆయన ఇల్లు పిఠాపురంలో, ప్రాక్టీసు కాకినాడలో. ఇద్దరం సాయంత్రం పూట పాదగయ పుష్కరిణి మెట్ల మీద కూర్చున్నాం.

ఊరికే అనలేదాయన. అమెరికాలో జుడిత్ వాలర్‌స్టీన్ అనే మనస్తత్వవేత్త 1971లో మొదలుపెట్టి, విడిపోయిన 60 కుటుంబాల్లోని 131 మంది పిల్లలను పాతికేళ్ల పాటు గమనించింది. పెద్దయ్యాక కూడా పెళ్లంటే జంకు, మనిషిని నమ్మాలంటే భయం వాళ్లను వదల్లేదని రాసింది.

"ఆ కుటుంబాలన్నీ ఒకే సంపన్న ప్రాంతానివండీ," అన్నాను. "పోల్చి చూడ్డానికి కలిసున్నవాళ్లను ఆవిడ మొదటినుంచీ తీసుకోలేదు. హెదరింగ్టన్ అనే మరో పరిశోధకురాలు పోల్చింది. విడిపోయినవాళ్ల పిల్లల్లో నూటికి పాతికమందికి గట్టి ఇబ్బందులు, కలిసున్నవాళ్ల పిల్లల్లో పదిమందికి అని 2002లో లెక్క చెప్పింది. పది పాతికవడం చిన్న సంగతని నేననను. కానీ మిగతా డెబ్బై అయిదుమందీ నిలదొక్కుకున్నారు కదా. ఆ పాతికమందినీ పడగొట్టిందేమిటి?"

"ఎడబాటు."

"కోనసీమ నుంచి ఇళ్లలో పనికి కువైట్ వెళ్లిన తల్లులెందరో. వాళ్ల పిల్లలు అమ్మమ్మల దగ్గర ఏళ్లకేళ్లు పెరిగారు. ఆ లోటు లోటే. కానీ మీ అమ్మది తప్పా, నాన్నది తప్పా తేల్చమని వాళ్లనెవరూ నిలబెట్టి అడగరు. విడాకుల ఇంట్లో పిల్లకి ఎడబాటుతో పాటు తీర్పు చెప్పే పని కూడా పడుతుంది. నేను భయపడేది దానికి."

నా క్లాసులోని ఒక ఆరో తరగతి పిల్ల సంగతి చెప్పాను. అమ్మానాన్నలు విడిపోయారు. నాన్న కొనిచ్చిన వెండి పట్టీలు బడికొచ్చాక పెట్టుకునేది. సాయంత్రం బెల్లు కొట్టగానే విప్పి, జామెట్రీ బాక్సులో వృత్తలేఖిని పక్కన సర్దేది. అమ్మ తిడుతుందా అని అడిగాను. తిట్టదట. చూసి, ఆ రాత్రంతా మాట్లాడదట.

ప్లీడరుగారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తన అసలు వాదన తీశారు. "అయిదేళ్ల లోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే అని 1956 హిందూ మైనర్ల సంరక్షణ చట్టం. ఊహ తెలిసిన పిల్లలైతే వాళ్ల ఇష్టాన్ని కూడా జడ్జి చూడొచ్చని 1890 గార్డియన్ల చట్టమే అంటోంది. అడక్కుండా పెద్దవాళ్లే పంచేసుకుంటే ఆస్తి పంపకంలా ఉండదూ? మీరు పిల్లల నోరు నొక్కమంటున్నారు."

"చంటిపిల్లను ఒళ్లో పెట్టుకుని 'అమ్మ కావాలా, నాన్న కావాలా' అని మన ఇళ్లలో అందరూ అడుగుతారు. ఏది చెప్పినా నవ్వుతారు. రాత్రికి ఆ పిల్ల ఇద్దరి మధ్యా పడుకుంటుంది. ఆ ధీమా ఉంది కాబట్టే అది ఆట. కోర్టులో 'అమ్మ కావాలి' అంటే 'నాన్న వద్దు' అని కాగితమెక్కుతుంది. ఆ రెండో మాట పిల్ల అనలేదు. అయినా జీవితాంతం అది తన మాటే అనుకుంటుంది. ఎంచుకునే హక్కునే మనం స్వేచ్ఛ అంటాం. బిడ్డ విషయంలో ఇద్దరిలో ఒకరిని ఎంచుకునే అవసరం రాకపోవడమే స్వేచ్ఛ."

"బాగుందండీ," అన్నారాయన.

నా మనసు మేం కూర్చున్న మెట్ల మీదికి పోయింది. గయాసురుడి పాదాలు ఇక్కడ ఆనాయని స్థలపురాణం. పొద్దున్నే ఇక్కడ పిండాలు పెడతారు. తండ్రి వైపు తరాలు, తల్లి పుట్టింటి వైపు తరాలు, అందరి పేర్లూ చెప్పిస్తారు. వాళ్లు ఒకరితో ఒకరు ఎలా కాపురం చేశారని పురోహితుడు అడగడు. కొడుకు ఇద్దరికీ బాకీయే. మన పెద్దలు ఆ మర్యాద పోయినవాళ్ల విషయంలో ఇంత చక్కగా పాటించి, బతికున్నవాళ్ల విషయంలో ఎందుకు మరిచారో నాకు అర్థం కాదు. ఆ మాటే ఆయనతో అన్నాను.

"తాగొచ్చి కొట్టే తండ్రయితేనో?"

"పంపకూడదు. దానికి పిల్ల ఇష్టం అడగడమెందుకు, ఒంటిమీద దెబ్బలు చూస్తే చాలదూ?"

"మరి జడ్జిగారు ఏం అడగాలంటారు?"

"జరిగింది అడగొచ్చు. జ్వరమొస్తే పక్కన ఎవరు కూర్చుంటారు, బడికి ఎవరు దింపుతారు, హోంవర్కు ఎవరి దగ్గర చేస్తావు. ఇద్దరూ కలిసి పెంచే ఏర్పాటుకు చట్టంలో చోటివ్వమని 2015లో లా కమిషన్ 257వ నివేదికలో చెప్పనే చెప్పింది. సంక్రాంతి ఎవరింట్లో, వేసవి సెలవులు ఎవరింట్లో పెద్దవాళ్లిద్దరే రాసుకుని, ఇద్దరూ కలిసి పిల్లకి చెప్పాలి."

"పదహారేళ్ల పిల్ల తనంతట తనే వచ్చి ఫలానా చోట ఉంటానంటే?"

"వినాలండీ. అడిగి చెప్పించకూడదన్నాను గానీ, చెబితే వినొద్దనలేదు."

ఆయన తలూపారు. "'తండ్రిని చూస్తే బిడ్డకు భయం' అని పిటిషన్లలో అలవాటుగా ఒక వాక్యం పడేస్తుంటాం. ఇకమీదట రుజువుంటేనే రాస్తాను."

రుజువున్నా ఆ కాగితం పిల్ల చేతికి అందకుండా చూడమన్నాను.