కూర్చోబెట్టిన బొమ్మ

బెంగళూరు మారతహళ్లిలో మా పక్కింటి కన్నడ ఆవిడ దసరా దగ్గరపడగానే గుమ్మంలోంచే అడుగుతారు: "గొంబె కూర్సిద్రా?" బొమ్మల్ని కూర్చోబెట్టారా అని. మనం కొలువు పెట్టారా అంటాం. వస్తువునైతే పెడతాం, మనిషినైతే కూర్చోబెడతాం. కాళ్లకు నీళ్లిచ్చి, పీట వాల్చి మరీ. ఆ ఒక్క మాట నన్ను చాలాకాలంగా వదలడం లేదు.

మా కొండపల్లి బొమ్మలు మొదట్లో హాల్లో అద్దాల షోకేసులో ఉండేవి. లోపల చిన్న బల్బు, ఎప్పుడూ వెలుగు. మూడు నెలలు తిరిగేసరికి వాటిని చూడటం మానేశాను. ఎప్పుడూ ఎదురుగా ఉన్నదాన్ని కన్ను దాటిపోతుంది కాబోలు. అమ్మ పద్ధతి వేరు. ఏడాదంతా పాత నూలు చీర ముక్కల్లో, ఎండిన వేపాకు మధ్య, ట్రంకుపెట్టెలో. సంక్రాంతికి బయటికి తీసి, బేసి సంఖ్యలో మెట్లు కట్టి, పైన తెల్ల పంచె పరిచేది. ఆ నాలుగు రోజుల చూపు మాకు ఏడాది పొడుగునా సరిపోయేది. మరి బొమ్మను గౌరవించడమంటే ఎప్పుడూ కనబడేలా ఉంచడమా, ఎదురుచూసేలా దాచడమా?

ఈ ఊరొచ్చాక కొలువును దసరాకు మార్చుకున్నాం. షోకేసు తీసేశాం. మిగతా రోజుల్లో గుమ్మం పక్కన పిల్ల చేతికందే ఎత్తులో ఒక చెక్క, దానిమీద మూడే బొమ్మలు. నెలకోసారి మారుస్తాం. కిటికీ ఎండ తగలనివ్వం, ఆకులూ గింజలతో చేసిన రంగులు వెలిసిపోతాయి. చేత్తో చేసినదాన్ని చేత్తో తాకకుండా తెలుసుకోవడం ఎలా? కొండపల్లి బొమ్మను ఎత్తి చూడండి, పొనికి కర్ర దూదిలా తేలిక. చేతులూ కాళ్లూ విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురూ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. మైసూరు దారిలో అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న చన్నపట్నం బొమ్మది మరో తీరు. తిరిగే కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగవుతుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపొస్తుంది. మన ఏటికొప్పాకలో వరాహ నది ఒడ్డున చేసేదీ ఇదే పని. కర్రా ఒకటే. మనం అంకుడు అంటాం, వాళ్లు ఆలె మర అంటారు. పోయిన దసరాకు ఆ రెండు ఊళ్ల బొమ్మల్నీ ఒకే మెట్టు మీద కూర్చోబెట్టాను. పక్కింటావిడ ఏది ఏ ఊరిదో తేల్చుకోలేకపోయారు. నేను చెప్పలేదు, ఆవిడ రెండింటినీ అరచేతుల్లో పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు.

నన్ను కలతపెట్టేది మరొకటి ఉంది. మా మెట్ల మీద రాజూ రాణీ, దశావతారాలతో పాటు కొండపల్లి పల్లెటూరూ ఉంటుంది: దంచే ఆడమనిషి, కుండలు చేసే మనిషి, తాటిచెట్టెక్కుతున్న గీత మనిషి. వీళ్లకు పంచె పరిచాం, దీపం పెట్టాం, హారతిచ్చాం. మా తాతగారింట్లో నిజం గీత మనిషి వాకిట్లోనే నిలబడి మాట్లాడి వెళ్లేవాడు. అతణ్ణి లోపలికి పిలిచి కూర్చోబెట్టినట్టు నాకు గుర్తు లేదు. జానెడంత చేసుకుంటే తప్ప మనిషికి మన ఇంట్లో చోటు దొరకదా? అంత చిన్నవాడు మనల్ని ఏమీ అడగడనేనా ఈ ప్రేమ?

అలాగని ఈ ప్రేమ అబద్ధమని అనలేను. బొమ్మ మోకాలి వంపు చూశాకే చెట్టెక్కడంలో ఎంత బరువుందో నాకు అర్థమైంది. చెక్కినవాడికి ఆ మోకాలు తెలుసు. నాకు తెలియడానికి ఇంత చిన్నది కావలసి వచ్చింది. కొలువంటే రాజు తీర్చే సభ. కొలువంటే ఉద్యోగం కూడా. ఆ రెండో కొలువు కోసం ఊరు వదిలి ఇక్కడికి వచ్చినవాళ్లమే నేనూ, కింద గేటు దగ్గర రాత్రంతా నిలబడే కాపలా మనిషీ. అతనికి కుర్చీ ఉందో లేదో ఒకరోజు దిగి చూసేదాకా నాకు తెలియదు. లేదు. మా ఇంట్లోది ఒకటి కిందికి దించాను.

ఆఖరి రాత్రి ఒక బొమ్మను పడుకోబెట్టడం ఆనవాయితీ. మా ఇంట్లో ఎప్పుడూ రాణినే. పోయినేడు మా అమ్మాయి రాణిని వదిలి గీత మనిషిని తీసింది. "పొద్దుణ్ణుంచీ ఎక్కుతూనే ఉన్నాడు నాన్నా" అంది. అతను చెట్టుకు అతికి ఉన్నాడు, విడిగా రాడు. చెట్టుతో సహా పడుకోబెట్టి, చేతిరుమాలు గడ్డం దాకా కప్పింది.