శ్రీకాకుళపు రేవు

తీర్థమను సంస్కృతపదమునకు రేవు అని మొదటి యర్థము. నదిని దాటుటకై జనులు దిగెడి చోటు తీర్థము. సంసారమును దాటించు పుణ్యస్థలమునకు ఆ పేరు పిమ్మట వచ్చినది. ఈ రెండర్థములును ఒక్కచోట నెలకొన్న గ్రామము కృష్ణాజిల్లా ఘంటసాల మండలములోని శ్రీకాకుళము. ఉత్తరాంధ్రమందలి జిల్లా పట్టణము వేరు, ఇది వేరు. కృష్ణవేణి యెడమగట్టున ఊరు, ఆవలి యొడ్డున కొల్లూరు సీమ, నడుమ ఇసుకతిన్నెలు, లంకలు. ఇచ్చటి స్వామి ఆంధ్ర మహావిష్ణువు. ఆంధ్రుల తొలి రాజధాని యిదియేనని పెద్దలు చెప్పుకొందురు.

అంతటి స్వామికి ఇంత చిన్న ఊరేల యని కొందరు సందేహింతురు. పిళ్ళై లోకాచార్యులవారు శ్రీవచనభూషణములో దీనికి చక్కని దృష్టాంతము చూపిరి. అవతారములు వరదవంటివి, ఆ కాలమున ఒడ్డున నున్నవారికే దక్కినవి. అర్చామూర్తి, వరద తీసిన పిదప నదిలో నిలిచిన మడుగు వంటివాడు. దప్పిగొన్నవాడు ఎప్పుడు వచ్చినను దోసిలి పట్టవచ్చును. వేసవిలో కృష్ణను చూచిన డెల్టావాసులకు ఈ మాటను వేరుగ వివరింప నక్కరలేదు.

ఆ మడుగు చెంతకు ఒకనాడు ఒక చక్రవర్తి వచ్చెను. 1515లో కొండవీటిని జయించిన శ్రీకృష్ణదేవరాయలు, కళింగ దండయాత్రలో విజయవాడ మీదుగా శ్రీకాకుళము చేరి, ఏకాదశినాడు ఉపవసించెను. ఆ రాత్రి నాలుగవ జామున స్వామి స్వప్నమున సాక్షాత్కరించి, గోదాదేవి కల్యాణకథను తెలుగున రచింపుమని యాజ్ఞాపించెనని రాయలే ఆముక్తమాల్యదలో చెప్పుకొనెను. కృతిని వేంకటేశ్వరునికి అంకితమిమ్మని, ఆయనయు తానును వేరు కామని స్వామి సెలవిచ్చెను.

ఇందొక విశేషమున్నది. రాయలు అంతకుముందే మదాలసచరిత్రము మొదలగు సంస్కృత గ్రంథములు రచించినవాడు. స్వామి వానిని మెచ్చుకొనియే తెలుగును కోరెను. గోదాదేవియు తన తిరుప్పావైని తన యింటి భాషయైన తమిళముననే పాడినది గదా! కావున సంస్కృతము రాదు, మా పూజ స్వామికి చేరునో లేదో యని దిగులుపడెడి గృహిణులు ఆ దిగులు విడువవలెను. సంస్కృతము మన పెన్నిధి; దానిని చదువుకొనుట మేలు. అది రాలేదను కారణమున దీపము వద్ద మౌనముగ నిలుచుట మాత్రము తగదు.

రాయలను స్వామి అడిగెను. మరియొక కవి స్వామినే నిలదీసెను. చల్లపల్లి సమీపమున పెదప్రోలు వాసియైన కాసుల పురుషోత్తమకవి, ఆంధ్రనాయక శతకములో నిందాస్తుతితో ఈ స్వామిని ఎత్తిపొడిచెను. అది అపచారము కాదా? కాదు. పరాయివానితో మనము పోట్లాడము. కష్టము వచ్చినపుడు తండ్రి మీదనే అలుగుదుము. చక్రవర్తికి దొరకిన చనువే పల్లెటూరి కవికిని ఆ గుడిలో దొరకినది. సౌలభ్యమనగా ఇదియే.

కాలము మారినది. దిగువన పులిగడ్డ, పెనుమూడిల నడుమ వారధి వెలసిన పిమ్మట బండ్లన్నియు ఆ దారిని పోవుచున్నవి. 2024 సెప్టెంబరు మొదట ప్రకాశము బ్యారేజీని 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద దాటి లంకలను ముంచెత్తినది. రాజ్యములు పోయినవి, దారులు మారినవి. స్వామి మాత్రము ఆ రేవును విడువలేదు. పెద్ద క్షేత్రములకు వందల మైళ్ళు పోవు మనవారు, విజయవాడకు ఒక్కపూట దూరములోనున్న ఈ గుడిని చూడక మరలుట న్యాయమా? భక్తులు రాని గుడిలో దీపమునకు నూనె ఎంతకాలము నిలుచును?

రేవు నేర్పెడి పాఠము ఒకటున్నది. పడవ యెక్కినవాడు తెడ్డు వేయడు. దాటించెడి భారము పడవవానిది. ప్రపత్తియు అట్టిదే. అయితే ఎక్కుటకు మొదట ఒడ్డును విడువవలెను. యుద్ధమునకు పోవుచున్న రాయలు సేనను నిలిపి ఒక ఏకాదశిని స్వామికిచ్చెను. మనకు అంతకు మించిన తొందర యేమున్నది? రాబోవు ఏకాదశినాడైనను ఇంటిల్లిపాదియు దీపము చెంత కూర్చుండి, వచ్చిన భాషలో, వచ్చిన మాటలతో స్వామిని పిలువవలెను. పడవ సిద్ధముగనే యున్నది.