పని అప్పగించి మరలుట

చదువవలసిన భాగము: అపొస్తలుల కార్యములు 14:21–28

పౌలు బర్నబాలు సిరియాలోని అంతియొకయకు మరలకమునుపు, పౌలును రాళ్లతో కొట్టిన లుస్త్రకే తిరిగి వెళ్లిరి. శిష్యులను స్థిరపరచి, సంఘములకు పెద్దలను ఏర్పరచి, ఉపవాస ప్రార్థనలతో వారిని ప్రభువునకు అప్పగించిరి. ఇంటికి మరలు సేవకునికి ఇదియే తగిన ప్రయాణ సన్నాహము.

1815లో లండను మిషనరీ సంఘమువారైన జేమ్స్ స్కిన్నరు, విలియం ఫైవీ సూరతులో సేవ ప్రారంభించి, గుజరాతీ బైబిలు అనువాదమునకు పూనుకొనిరి. 1821లో క్రొత్త నిబంధన అచ్చాయెను. ఆ యేటనే స్కిన్నరు మరణించెను. 1823లో వెలువడిన సంపూర్ణ గ్రంథమును ఆయన చూడలేదు. 1840లలో ఆ సేవాక్షేత్రము ఐర్లండు ప్రెస్బిటేరియనులకు అప్పగింపబడెను. చేతులు మారెను, వాక్యము నిలిచెను.

నేడు ఆ నగరమున తెలంగాణమునుండి వెళ్లిన నేతగాండ్రు అనేకులు మరమగ్గములపై పనిచేయుచున్నారు. సగము నేసిన బట్టను తరువాతి షిఫ్టువానికి అప్పగించి ఇంటికి పోవుట వారెరిగినదే.

ప్రియ చదువరీ, “నేను లేనిదే ఈ పని సాగునా?” అను భయము ప్రేమవలె కనబడును, అయితే అందులో ప్రభువునెడల అపనమ్మకము దాగియుండును. అంతియొకయలో అపొస్తలులు తమ ఘనకార్యములను గాక, దేవుడు తమకు తోడైయుండి చేసినవాటినే వివరించిరి.

ప్రార్థన: ప్రభువా, మేము విడిచివచ్చినవారిని నీవు విడువవని నమ్ముటకు కృప ననుగ్రహింపుము. ఆమేన్.