కట్ట, నీరు, కొలత: నిత్యజీవితంలో చైనా పంచతత్వ జ్యోతిషం

చైనా జ్యోతిషానికి ఆధారం ఐదు తత్వాలు: మాను, నిప్పు, మన్ను, లోహం, నీరు. చైనా వారు వీటిని వూ షింగ్ అంటారు. తెలుగువారికి తెలిసిన పంచభూతాలతో వీటిని కలిపేయకూడదు. పంచభూతాల్లో గాలి, ఆకాశం ఉన్నాయి. మాను, లోహం లేవు. ప్రపంచం దేనితో తయారైంది, ఏ ఇంద్రియానికి ఏది అందుతుంది అన్నది పంచభూతాల విచారణ. ఒక స్థితి మరో స్థితిగా ఎలా మారుతుంది, ఏది దేన్ని పెంచుతుంది, ఏది దేన్ని ఆపుతుంది అన్నది వూ షింగ్ విచారణ. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో జౌ యెన్ అనే పండితుడు దీన్ని ఒక పద్ధతిగా కూర్చాడని చెబుతారు. రాజవంశాలు ఎందుకు లేస్తాయి, ఎందుకు పడతాయి అన్న ప్రశ్నకు ఆయన దీంతోనే జవాబు వెతికాడు. మనుషుల జాతకాలకు ఇది వచ్చి చేరింది ఆ తరువాతే.

తత్వాల మధ్య రెండు వరసలు ఉన్నాయి. మొదటిది పెంచే వరస. నీరు మానును పెంచుతుంది, మాను నిప్పుకు మేత అవుతుంది, నిప్పు బూడిదై మన్నులో కలుస్తుంది, మన్నులో లోహం పుడుతుంది, లోహం నీటికి తల్లి. రెండోది అదుపు చేసే వరస. మాను వేళ్లతో మన్నును పట్టుకుంటుంది, మన్ను నీటికి అడ్డు నిలుస్తుంది, నీరు నిప్పును ఆర్పుతుంది, నిప్పు లోహాన్ని కరిగిస్తుంది, లోహం మానును నరుకుతుంది. వ్యవహారంలో చెప్పే ఫలితాలన్నీ ఈ రెండు వరసల నుంచే వస్తాయి.

జాతకం వేసే పద్ధతి కష్టమేమీ కాదు. పది కాండాలు, పన్నెండు శాఖలు అని రెండు పట్టికలుంటాయి. రెండింటినీ జతగా తిప్పితే అరవై జతలు వచ్చి చక్రం పూర్తవుతుంది. పుట్టిన ఏడు, నెల, రోజు, గడియ నాలుగింటికీ ఒక్కో జత. అందుకే దీన్ని నాలుగు స్తంభాల లెక్క అంటారు. ఏడాది తత్వం తెలియాలంటే ఇంగ్లీషు సంవత్సరం చివరి అంకె చూస్తే చాలు: 0, 1 లోహం, 2, 3 నీరు, 4, 5 మాను, 6, 7 నిప్పు, 8, 9 మన్ను. అయితే ఈ లెక్కలో ఏడాది జనవరి 1న మారదు, ఫిబ్రవరి 4 ప్రాంతంలో మారుతుంది. జనవరిలో పుట్టినవారు కిందటి ఏటి తత్వంలోకే వస్తారు. నిజానికి జాతకంలో ఏడాది కంటే రోజు కాండానికే ప్రాధాన్యం ఎక్కువ. మనిషి స్వభావాన్ని దానితో గుర్తిస్తారు. మిగతా స్తంభాల్లో ఏ తత్వం ఎక్కువుందో, ఏది తక్కువుందో చూసి రంగు, దిక్కు, వృత్తి సూచిస్తారు.

ఈ లెక్కను తెలుగునాట వాడదలచినవారు మొదట గమనించవలసింది, ఇది పుట్టిన చోటు వేరు అన్న సంగతి. చైనా పద్ధతిలో వసంతం మాను, వేసవి నిప్పు, శరత్తు లోహం, చలికాలం నీరు. పసుపు నది లోయలో మొలక ఎత్తే కాలాన్నీ, ఆకు రాలే కాలాన్నీ చూసి పెట్టిన జతలు ఇవి. శ్రీ సత్యసాయి జిల్లాలోని ఓబులదేవరచెరువు చుట్టుపక్కల ఋతువులు అలా నడవవు. పాత అనంతపురం జిల్లాలో సాలీనా సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. అన్ని నెలల్లోకీ ఎక్కువ కురిసేది సెప్టెంబరులో. చైనా లెక్కలో అది లోహపు కాలం, అంటే ఎండి గట్టిపడే కాలం. నీటి కాలమైన జనవరిలో ఇక్కడ దాదాపు చినుకే ఉండదు. దిక్కుల సంగతీ అంతే. చైనాలో నిప్పు దక్షిణం, నీరు ఉత్తరం. తెలుగు ఇంట్లో పొయ్యి ఆగ్నేయాన, నీరు ఈశాన్యాన. రెండు శాస్త్రాలనూ ఒకే ఇంటికి పట్టిస్తే ఒకటి కట్టమన్నదాన్ని రెండోది పడగొట్టమంటుంది. ఖర్చు మాత్రం ఇంటివాడిది.

గడియ విషయంలో ఇంకో చిక్కుంది. ఈ పద్ధతిలో ఒక గడియ అంటే రెండు గంటలు, దాన్ని సూర్యుణ్ణి బట్టి లెక్కించాలి. భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల రేఖాంశానిది. ఓబులదేవరచెరువు దాదాపు 78 డిగ్రీల మీద ఉంది. కాబట్టి ఇక్కడి సూర్యకాలం గడియారం కంటే సుమారు 18 నిమిషాలు వెనక. పొద్దున ఏడు దాటి పది నిమిషాలకు పుట్టిన బిడ్డ సూర్యుడి లెక్కలో ఏడు లోపలే పుట్టినట్టు, అంటే గడియ స్తంభమే మారిపోతుంది. ఫోన్‌లో వేసిన జాతకం ఈ తేడా చూడకపోతే, ఆ పద్ధతిని నమ్మేవారి కొలతతో చూసినా అది తప్పు జాతకమే.

తత్వాల లెక్కకు చైనాలోనే గట్టి విమర్శకులు ఉన్నారు. మోజి అనే తత్వవేత్త అనుయాయులు క్రీస్తుకు పూర్వమే ఒక మాట తేల్చారు: ఐదింటిలో ఎప్పుడూ గెలిచేది ఏదీ లేదు, పరిమాణమే గెలుపును నిర్ణయిస్తుంది. నిప్పు ఎక్కువుంటే లోహం కరుగుతుంది. లోహం ఎక్కువై నిప్పు కొంచెమైతే నిప్పే ఆరిపోతుంది. క్రీస్తుశకం మొదటి శతాబ్దపు వాంగ్ చుంగ్ ఇంకా సూటిగా అడిగాడు. పన్నెండు శాఖలకు గుర్తులైన పన్నెండు జంతువుల్లో ఎలుకది నీరు, గుర్రానిది నిప్పు. మరి ఎలుక గుర్రాన్ని ఎందుకు తరమదు? కోడిది లోహం, కుందేలుది మాను. కోడి కుందేలును ఎందుకు పొడవదు? కదిరి దాపున కటారుపల్లిలో సమాధి ఉన్న వేమన ఇదే తీరులో ప్రశ్నించాడు. పండితులు కూడి ముహూర్తం పెట్టి చేసిన పెళ్లిళ్లలోనూ ఆడవాళ్లు ఎందుకు విధవలవుతున్నారని ఆయన పేరున ఉన్న ఒక పద్యం నిలదీస్తుంది.

వీరిలో మోజి అనుయాయుల మాటే నిత్యజీవితానికి ఎక్కువ పనికొస్తుంది. అది తత్వాలను కొట్టిపారేయదు, కొలత అడుగుతుంది. ఊరి పేరులోనే చెరువున్న ప్రాంతంలో దీన్ని అర్థం చేసుకోవడానికి పుస్తకం అక్కర్లేదు. మన్ను నీటిని ఆపుతుందన్న సూత్రమే చెరువు కట్ట. కానీ ఎంత మన్ను, ఎక్కడ? కట్ట మీది మన్ను నీటిని నిలుపుతుంది. అదే మన్ను వరదతో కొట్టుకొచ్చి లోపల పూడికైతే నీటికి చోటే మిగలదు. మాను మన్నును పట్టుకుంటుంది, కాబట్టి ఎగువన చెట్లుంటే పూడిక తగ్గుతుంది. అదే చెట్టు కట్ట మీద లావెక్కితే వేళ్ల సందుల్లోంచి నీరు చిమ్మి కట్టకే ముప్పు. తూము, మరువ ఉన్నది నీటిని ఓడించడానికి కాదు, మోతాదులో వదలడానికి. ఒకే తత్వం ఒకచోట మేలు, మరోచోట కీడు. జాతకం చూసి నీకు నీరు తక్కువ, నీలం కట్టుకో అనే సలహాలో ఈ మోతాదు, ఈ చోటు రెండూ కనిపించవు.

ఈ విచక్షణ రాయలసీమలో రాతి మీదే చెక్కి ఉంది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది, శకం 1291, సౌమ్య నామ సంవత్సరం. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించాడు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలనూ, రాకూడని ఆరు దోషాలనూ శాసనం చెబుతుంది. జలశాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, తీపి నీటి ఏరు, రాతి గని, పనితనం గల కూలీలు సాధనాల్లో కొన్ని. కట్ట ఊట కారడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, చెరువు నడుమ మెరక, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, ఆయకట్టు తక్కువై నీరు ఎక్కువ కావడం దోషాలు. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేశారని కూడా రాసి ఉంది. తిథి, వారం, సంవత్సరం భక్తితో పేర్కొన్నవారే సాధనాల పట్టికలో మాత్రం నక్షత్రాన్ని పెట్టలేదు. పంచాంగంతో రోజు ఎంచుకున్నారు. మన్నూ నీరూ కొలిచి కట్ట వేశారు. నమ్మకానికీ పనికీ మధ్య గీత ఇంత స్పష్టంగా గీసిన చోటు మరొకటి దొరకడం కష్టం.

ఆ గీత చెరిగిపోయిన చోట ఎంత నష్టమో చెప్పడానికి బోర్లే చాలు. ఈ ప్రాంతపు అడుగు గట్టి రాయి. నీరు రాతి పగుళ్లలో ఉంటుంది, పగులు దిక్కు చూసి నడవదు. అయినా ఈశాన్యం మూలనే బోరు పడాలని పట్టుబట్టేవారున్నారు. అరచేతిలో కొబ్బరికాయ లేచిన చోటును పాయింటుగా ఒప్పుకుని వందల అడుగులు దించేవారున్నారు. ఎండిన బోరు మీద మరో బోరు, అప్పు మీద అప్పు: రాయలసీమ రైతు కుటుంబాలను కుంగదీసిన బాధ ఇది. పాతవారి మాటే కావాలంటే ఆరో శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహితలో దకార్గళమనే అధ్యాయం ఉంది. నేరేడు చెట్టు పక్క పుట్ట ఉంటే నీరు ఏ వైపు, ఎంత లోతున ఉంటుందో అందులో చెప్పాడు. ఆ లెక్కలన్నీ నిలవకపోవచ్చు, కానీ చూపు నేల మీద ఉంది. భూమి విద్యుత్ నిరోధాన్ని కొలిచే నేటి సర్వేది కూడా ఆ చూపే. పాయింటు ముందు కొలిపించి, బోరు దించే రోజుకు మంచి తిథి చూసుకుంటే ఎవరికీ నష్టం లేదు. ఆ వరస తిరగబడినప్పుడే ఇల్లు గుల్లవుతుంది.

ఒంటి విషయంలో తత్వాల భాష తెలుగువారికి కొత్తది కాదు. వేడి చేసింది, చలవ చేస్తుంది అన్న మాటలు ప్రతి ఇంట్లో ఉన్నవే. రోహిణి కార్తె ఎండల్లో రాగి అంబలి, మజ్జిగ తాగడం నిప్పుకు నీటిని జోడించడమే. చైనా వంటింట్లోనూ ఇదే తీరు. ఇంతవరకు ఈ భాష మంచిదే, ఋతువును బట్టి తిండి మార్చుకోమంటుంది. అయితే చైనా వైద్యం మూత్రపిండాలను నీటితో, కాలేయాన్ని మానుతో, గుండెను నిప్పుతో జత చేసింది కదా అని, జాతకంలో నీరు తక్కువ ఉన్నవాడికి మూత్రపిండాల జబ్బు వస్తుందనడం దాటరాని గీత దాటడమే. అనంతపురం ప్రాంతపు భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఉంది. పళ్లు గారపట్టడం, ఎముకలు వంకరపోవడం దాని వల్ల. ఏ జాతకంలో ఎంత నీరున్నా ఆ సంగతి చెప్పేది నీటి పరీక్షే.

రెండు నాగరికతలూ బాగా దగ్గరయ్యేది సేద్యపు కాలెండరులో. చైనా వారు సూర్యుడి నడకను 24 భాగాలు చేశారు, ఒక్కోటి సుమారు 15 రోజులు. జాతకంలో నెల స్తంభం మారేది వీటిని బట్టే. 2016లో యునెస్కో ఈ విధానాన్ని మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. తెలుగు రైతు సూర్యుడు 27 నక్షత్రాల్లో నడిచే కాలాన్ని కార్తెలుగా పట్టుకున్నాడు, ఒక్కోటి 13, 14 రోజులు. జూన్ 8 ప్రాంతంలో మృగశిర, 22 ప్రాంతంలో ఆరుద్ర. కార్తెలు నక్షత్రాలకు కట్టుబడినవి గనుక ఋతువు నుంచి 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున జరుగుతాయి. చైనా భాగాలు ఋతువుకే కట్టుబడినవి, జరగవు. తాతల నాటి కార్తె సామెత నేడు అచ్చంగా సరిపోకపోతే కొంత కారణం ఇది, ఎక్కువ కారణం వానలే మారడం. చెనక్కాయ వేసే రైతు కార్తె వచ్చిందని గొర్రు కట్టడు. వానపడి నేలలో పదును చేరిందా లేదా చూస్తాడు. కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన రకాల్లో తన చేనుకు ఏది సరిపోతుందో చూస్తాడు. కార్తె అతనికి సిద్ధంగా ఉండమని చెబుతుంది. విత్తమని చెప్పేది పదునే. పంచతత్వ జ్యోతిషాన్ని వివేకంతో వాడటమంటే ఏమిటో ఈ రైతు నడవడిలో ఉంది.

అన్నిటికంటే జాగ్రత్త కావలసింది మనుషుల మీద తీర్పు చెప్పేటప్పుడు. అరవై ఏళ్ల చక్రంలో నిప్పు గుర్రం అనే ఏడాది ఒకటుంది. ఆ ఏట పుట్టిన ఆడపిల్ల మగణ్ణి మింగుతుందని జపాన్‌లో పాత నమ్మకం. 1965లో అక్కడ 18.2 లక్షల మంది పిల్లలు పుట్టారు. నిప్పు గుర్రపు ఏడాది 1966లో ఆ సంఖ్య 13.6 లక్షలకు పడిపోయింది. 1967లో మళ్లీ 19.4 లక్షలు. చదువూ పరిశ్రమలూ ఉన్న దేశంలో, రైళ్లు గంటకు 200 కిలోమీటర్లు పరుగెత్తే రోజుల్లో జరిగింది ఇది. తెలుగువారికీ అరవై సంవత్సరాల చక్రం ఉంది. అదే 1966 ఉగాదికి పరాభవ నామ సంవత్సరం వచ్చింది. పేరు భయపెట్టేదే, అయినా పెళ్లిచూపుల్లో సంవత్సరం పేరు అడిగే అలవాటు ఇక్కడ లేదు. ఇక్కడ భయం మూల, ఆశ్లేష, జ్యేష్ఠ నక్షత్రాల మీదా కుజదోషం మీదా ఉంది. ఒక దేశం ఏడాదికి భయపడింది, మరో దేశం నక్షత్రానికి భయపడింది. రెండుచోట్లా భారం మోసింది ఆడపిల్లే. ఆకాశంలో నిజంగా అలాంటి శాసనమే ఉంటే అది రెండుచోట్లా ఒకేలా ఉండాలి కదా.

2026 ఫిబ్రవరి 4న నిప్పు గుర్రం, మార్చి 19న ఉగాదితో పరాభవ నామ సంవత్సరం మళ్లీ వచ్చాయి. ఈ ఏట పుట్టే ఆడపిల్లలు పెళ్లీడుకు వచ్చేనాటికి చైనా జాతకాలు తెలుగు ఇళ్లలో ఇప్పటికంటే బాగా పరిచయమై ఉండవచ్చు. ఇంటికి రంగు ఎంచుకోవడానికి, పని మొదలుపెట్టే రోజు కుదుర్చుకోవడానికి వాటిని ఎవరైనా నిక్షేపంగా వాడుకోవచ్చు. కానీ ఉన్న మూల నక్షత్రానికి తోడు నిప్పు గుర్రాన్ని కూడా పెళ్లి సంబంధాల్లోకి తెచ్చి ఏ పిల్లనూ కాదనవద్దు.